చీరల ఫోటోలకు ఫైలు పేరు తీసేటప్పుడే పెట్టాలా, తీశాక మార్చాలా?

పొగతోట_ఫోటో
నెల్లూరులో ఒక చీరల దుకాణం వారి వెబ్‌సైటు కోసం ఫోటోలు తీస్తున్నాను. కెమెరాను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి నేరుగా క్యాప్చర్ వన్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి తీస్తున్నాం. ఒక్కో చీరకు పూర్తి నిడివి, కొంగు, అంచు, బుటా, రవిక గుడ్డ అని ఐదారు ఫోటోలు ఉంటాయి. ప్రతి ఫోటో పేరూ ట్యాగు మీద ఉన్న స్టాకు నంబరుతోనే రావాలని దుకాణం వారి షరతు. ఆ నంబరేమో వీజీ/24/117 తరహాలో గీతలతో ఉంటుంది. చీర మారినప్పుడల్లా ఆగి కొత్త పేరు టైపు చేస్తే పని సాగడం లేదు. కెమెరా పెట్టిన పేర్లతోనే తీసి సాయంత్రం మారుద్దామంటే, ఏ కొంగు ఏ చీరదో వెతుక్కోవలసి వస్తోంది. ఈలోపు దుకాణం గుమాస్తా పాత పేర్లు చూసి ఎంపిక జాబితా రాసి పంపేస్తున్నారు. ఆ జాబితాకూ మేము మార్చిన పేర్లకూ పొంతన కుదరడం లేదు. దగ్గరి ఫోటోలు మా సహాయకుడు రెండో కెమెరాతో కార్డులోకి తీస్తాడు, అవి తర్వాత వచ్చి కలుస్తాయి. ఇలాంటి పని చేసేవారు పేరును ఏ దశలో, ఏ పద్ధతిలో పెడుతున్నారో చెప్పగలరు.

చీమకుర్తి_గెలాక్సీ
తీసేటప్పుడే పెట్టాలి, ఇందులో రెండో మాట లేదు. మేము గ్రానైటు పలకలకు ఫోటోలు తీస్తాం. గెలాక్సీ రాయి అంటే నల్లటి పలక మీద బంగారు రంగు చుక్కలు. పక్కపక్కన పెడితే ఒక పలకకూ ఇంకో పలకకూ తేడా మా మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. తీశాక ఏ పలక ఏదో కనిపెట్టే అవకాశమే లేదు కాబట్టి బ్లాకు నంబరు, పలక నంబరు కలిసిన పేరు షట్టరు నొక్కే ముందే సాఫ్ట్‌వేర్‌లో పడాలి. టైపు చేసే బాధ మాకూ ఉండేది. యూఎస్‌బీ బార్‌కోడ్ స్కానర్ ఒకటి కొనుక్కోండి. కంప్యూటర్ దాన్ని కీబోర్డుగానే గుర్తిస్తుంది. తర్వాతి ఫోటో పేరు రాసే గడిలో కర్సర్ పెట్టి ట్యాగును చదివిస్తే నంబరు అక్కడ పడుతుంది, చివర ఎంటర్ కూడా అదే నొక్కుతుంది.

స్టోన్‌హౌస్‌పేట_సీనియర్
గెలాక్సీ గారి పద్ధతి రాళ్లకు సరిపోవచ్చు గానీ, చీరల దగ్గర నేను ఒప్పుకోను. చీర మడత విప్పి, కుచ్చిళ్లు సర్ది, లైటు చూసుకునే హడావిడిలో ఒక్కసారి ట్యాగు చదివించడం మరిచిపోతే, తర్వాతి చీర ఫోటోలన్నీ ముందు చీర పేరుతో దిగిపోతాయి, ఆ తప్పు పైకి కనిపించదు కూడా. పేరు చూస్తే సవ్యంగానే ఉంటుంది, లోపల చీర వేరు. ఇంతకన్నా ప్రమాదకరమైన తప్పు ఉండదు. నా సలహా ఏమంటే, ప్రతి చీరకూ మొదటి ఫోటో ట్యాగుదే తీయండి. పేర్లు వరుస సంఖ్యలతో పోనివ్వండి. సాయంత్రం ట్యాగు ఫోటోను చూసి, దాని తర్వాత వచ్చిన ఫోటోలను ఎంచుకుని ఒకేసారి పేరు మార్చండి.

చీమకుర్తి_గెలాక్సీ
సీనియర్ గారూ, మీరు చెప్పిన ప్రమాదం నిజమే. అందుకే మేము వరుస సంఖ్యను ఎప్పుడూ ఒకటికి తిప్పము. పలక నంబరు మారినా, దాని వెనక ఉండే కౌంటరు 0583, 0584, 0585 అని సాగుతూనే ఉంటుంది. పలక పేరు పొరపాటున తప్పు పడినా ఆ కౌంటరు మాత్రం ప్రతి ఫోటోకూ ప్రత్యేకంగా ఉంటుంది కాబట్టి తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకోవచ్చు. ప్రతి పలకకూ ఒకటి నుంచి మొదలుపెట్టేవారికే మీరు చెప్పిన చిక్కు వస్తుంది.

కావలి_కేబుల్
ముందు ఆ గీతల సంగతి చూడండి. విండోస్‌లో ఫైలు పేరులో తొమ్మిది గుర్తులు పనికిరావు. ముందుకు వాలిన గీత, వెనక్కు వాలిన గీత, నిలువు గీత, రెండు చుక్కలు, నక్షత్రం, ప్రశ్నార్థకం, జంట కొటేషన్ గుర్తు, రెండు కోణపు బ్రాకెట్లు. మ్యాక్‌లో మీరు వాలు గీత టైపు చేస్తే ఫైండర్ ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది, కానీ లోపల దాన్ని రెండు చుక్కలుగా దాచుకుంటుంది. ఆ ఫైలు దుకాణం వారి విండోస్ కంప్యూటర్‌కు వెళ్లాక గొడవ మొదలవుతుంది. స్కానర్ కొన్నా సరే, ట్యాగులోని వాలు గీతను అది యథాతథంగా టైపు చేస్తుంది. కాబట్టి దుకాణం వారితో మాట్లాడి బార్‌కోడులో వాలు గీతకు బదులు అడ్డగీత పెట్టించండి, లేదా ఆ మార్పు చేసేలా స్కానర్‌ను అమర్చుకోండి.

ఒంగోలు_గిత్త
బండలాగుడు పోటీల్లో ఎడ్లను తీసే నాకు ఈ బాధ ఇంకో రకంగా ఉంది. ఎద్దు పేరే ఫైలు పేరుగా పెడదామని మొదట్లో అనుకున్నాను. ఒక్క పోటీలోనే ముగ్గురు రాముళ్లు, ఇద్దరు భీముళ్లు దిగితే ఏ రాముడి బొమ్మ ఏ యజమానికి ఇవ్వాలో తేలక, ఇప్పుడు తేదీ, జత నంబరు మాత్రమే పెడుతున్నాను. యజమానుల పేర్లు పెట్టలేదా అని అడగకండి, అక్కడ కూడా వెంకటేశ్వర్లే ఎక్కువ.

అద్దంకి_లైనక్స్
కెమెరా పెట్టే పేరును ఎందుకు నమ్మకూడదో పొగతోట గారు తెలుసుకోవాలి. డీసీఎఫ్ అనే నియమావళి 1998లో వచ్చింది, కెమెరాలన్నీ కార్డులో దాన్నే పాటిస్తున్నాయి. దాని ప్రకారం పేరులో నాలుగు అక్షరాలు, వాటి వెనక 0001 నుంచి 9999 వరకు నాలుగంకెల సంఖ్య మాత్రమే ఉండాలి. ఆ అక్షరాలు మనం మార్చకపోతే మామూలుగా క్యానన్‌లో ఐఎంజీ, నికాన్‌లో డీఎస్‌సీ అనే కనిపిస్తాయి. 9999 దాటగానే మళ్లీ 0001 వస్తుంది. రోజుకు వందల ఫోటోలు తీసేవారికి అదే పేరు మళ్లీ ఎదురుకావడానికి ఎంతో కాలం పట్టదు, రెండు కెమెరాలుంటే మొదటి రోజే ఎదురుకావచ్చు. క్యానన్‌లో ఇంకో తిరకాసు కూడా ఉంది. సంఖ్యలు కొనసాగేలా అమర్చుకున్నా, పాత ఫోటోలు ఉన్న కార్డు పెడితే అందులోని పెద్ద సంఖ్య తర్వాత నుంచి మొదలుపెట్టవచ్చు.

రంగు ఎంపికలో అడోబీ ఆర్‌జీబీ పెట్టుకున్నవారికి పేరు మొదట్లోనే అండర్‌స్కోర్ వస్తుందని ఎంతమంది గమనించారో తెలియదు. నికాన్‌లో డీఎస్‌సీ వెనక రావలసిన అండర్‌స్కోర్ ముందుకు దూకుతుంది. ఒకే కెమెరాతో రెండు రకాలుగా తీస్తే పేర్ల వరుస ఆ ఒక్క గుర్తు వల్లే చెదిరిపోతుంది.

పొగతోట_ఫోటో
నావి రెండూ నికాన్‌లే, రెండింట్లోనూ డీఎస్‌సీయే. కార్డులోంచి తెచ్చిన దగ్గరి ఫోటోలు అదే ఫోల్డరులో వేస్తుంటే పాతదాని స్థానంలో వేయమంటారా అని విండోస్ అడగడానికి కారణం ఇప్పుడు అర్థమైంది.

అద్దంకి_లైనక్స్
నికాన్ ఫోటో షూటింగ్ మెనూలో ఫైలు నేమింగ్ అని ఉంటుంది, అక్కడ డీఎస్‌సీ అనే మూడక్షరాలను మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఒకదానికి పీజీఏ, ఇంకోదానికి పీజీబీ అని పెట్టండి. క్యానన్‌లో పై స్థాయి కెమెరాల్లోనూ, సోనీ కొత్త కెమెరాల్లోనూ ఇలాంటి సదుపాయం ఉంది. పెట్టాక మరిచిపోవచ్చు, మళ్లీ దాని జోలికి వెళ్లవలసిన పని లేదు.

దర్శి_డిజైనర్
ఆల్బమ్ డిజైన్ చేసేవాడిగా నా మొర కూడా వినండి. పేరు ఎలా పెట్టినా సరే, ఒకసారి బయటి మనిషికి చూపించాక ఇక మార్చకండి. పెళ్లివారు పెన్‌డ్రైవ్‌లో ఫోటోలు చూసి, నోటుపుస్తకంలో నంబర్లు రాసుకుని, అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫోనులో చదివి వినిపించి, అతను కాదన్నవి కొట్టేసి, చివరికి ఒక జాబితా తయారుచేస్తారు. అంతటి కసరత్తు జరిగాక ఫోటోగ్రాఫరు చెడిపోయిన ఫోటోలు తీసేసి, మధ్యలో ఖాళీలు బాగుండవని మళ్లీ ఒకటి నుంచి నంబర్లు వేస్తారు. వరుసలో ఖాళీలు ఉంటే వచ్చే నష్టం ఏమిటో నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. జాబితాలో 0412 అంటే పెళ్లికూతురు, నా దగ్గర 0412 అంటే వంటవాళ్ల గాడిపొయ్యి.

ఇంకొకటి, వాట్సాప్. మామూలుగా ఫోటో పంపితే అది మీ పేరును పక్కన పెట్టేసి ఆ రోజు తేదీతో, డబ్ల్యూఏ అనే అక్షరాలతో తన పేరు తాను పెట్టుకుంటుంది. తీసిన సమయం వంటి లోపలి వివరాలూ పోతాయి. ఆ ఫోటో తిరిగి పంపి ఇది కావాలంటే, దాని అసలు ఫైలును కళ్లతో పోల్చి పట్టుకోవడం తప్ప దారి లేదు. డాక్యుమెంటుగా పంపితే పేరు నిలుస్తుంది.

స్టోన్‌హౌస్‌పేట_సీనియర్
డిజైనర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఎంపిక కోసం పంపే చిన్న ఫోటోల మీద, కింది మూలన, ఫైలు పేరు అచ్చయ్యేలా ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) చేసి పంపితే వాట్సాప్ ఏం చేసినా నంబరు బొమ్మలోనే ఉంటుంది.

పులికాట్_దారి
నేను పక్షుల ఫోటోలు తీస్తాను. నేలపట్టు గూడబాతులు, పులికాట్ రాజహంసలు అన్నీ నెల్లూరు జిల్లా పేరుతో మొదలయ్యే ఫైళ్లుగా దాచుకున్నాను. 2022లో జిల్లాలు విడిపోయి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, కందుకూరేమో ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. పక్షులు ఎక్కడివక్కడే ఉన్నాయి, నా ఫైళ్ల పేర్లు మాత్రం తప్పయ్యాయి. మారగలిగిన ఏ సంగతినీ పేరులో పెట్టకూడదని నా అభిప్రాయం. ఊరు, జిల్లా, పక్షి జాతి వంటివన్నీ ఫోటో ఫైలు లోపల వివరాల కోసం ఉండే ఐపీటీసీ గడుల్లో, కీవర్డుల్లో రాసుకోవాలి. పేరులో తేదీ, కెమెరా గుర్తు, వరుస సంఖ్య చాలు. తేదీని కూడా సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో రాస్తేనే కాలక్రమంలో నిలబడుతుంది. మనం అలవాటుగా రాసే రోజు, నెల, సంవత్సరం పద్ధతిలో అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట చేరతాయి.

చీమకుర్తి_గెలాక్సీ
పక్షి ఎవరికీ అమ్మే సరుకు కాదు కాబట్టి మీకు అది సరిపోయింది. మా కొనుగోలుదారు ఫోటో లోపలి ఐపీటీసీ గడులు తెరిచి చూడడు. మెయిలుకు జతచేసిన ఫైలు పేరు చదివి ఈ పలక పంపండి అంటాడు. పేరులో పలక నంబరు లేకపోతే ఆ ఫోటో వ్యాపారానికి పనికిరాదు. చీరల దుకాణం వారి అవసరం కూడా పక్షులకన్నా రాళ్లకే దగ్గరగా ఉంది.

పులికాట్_దారి
కొనేవాడి చేతికి వెళ్లే ఫైలు, మన దగ్గర దాచుకునే అసలు ఫైలు ఒకటే ఎందుకు కావాలి? కెమెరా నుంచి వచ్చిన రా (RAW) ఫైలుకు మారని పేరు ఒకటి, జేపెగ్‌గా బయటికి పంపేటప్పుడు వ్యాపారానికి కావలసిన పేరు ఒకటి పెట్టవచ్చు కదా.

కావలి_కేబుల్
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. క్యాప్చర్ వన్‌లోనూ, లైట్‌రూమ్ క్లాసిక్‌లోనూ ఎగుమతి చేసేటప్పుడు పెట్టే పేరు వేరు, లోపల ఉండే పేరు వేరు. ఎగుమతి పేరును లోపలి గడుల నుంచే అల్లుకోవచ్చు. అంటే స్టాకు నంబరును ఐపీటీసీలోని హెడ్‌లైన్ లాంటి ఒక గడిలో రాసి, ఎగుమతి పేరుకు ఆ గడిని, దాని వెనక వరుస సంఖ్యను చేర్చమని చెబితే చాలు. తప్పు నంబరు పడిందని తర్వాత తెలిస్తే గడిని సరిదిద్ది మళ్లీ ఎగుమతి చేయండి, అసలు ఫైలు పేరును తాకవలసిన పని లేదు.

అసలు పేరు మార్చక తప్పదనుకుంటే ఆ పని సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే చేయాలి. లైట్‌రూమ్‌లో ఎఫ్2 నొక్కితే వచ్చేది అందుకే. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్లి మారిస్తే లైట్‌రూమ్ ఆ ఫోటో కనిపించడం లేదంటుంది. క్యాప్చర్ వన్ సెషన్‌లో మన దిద్దుబాట్లు ఫోటో పేరుతోనే వేరే సీఓఎస్ ఫైళ్లలో ఉంటాయి, అడోబీ సాఫ్ట్‌వేర్లు ఫోటో పక్కన వివరాలు దాచే ఎక్స్‌ఎంపీ ఫైళ్లదీ అదే తీరు. ఫోటో పేరు ఒక్కటే మారిస్తే ఆ దిద్దుబాట్లు తల్లి తప్పిపోయిన దూడల్లా వెనకే నిలిచిపోతాయి. అడోబీ బ్రిడ్జ్‌లో పేర్లు మార్చేవారు, పాత పేరును ఎక్స్‌ఎంపీలో భద్రపరచమనే గడికి టిక్కు పెట్టండి. డిజైనర్ గారి జాబితా గొడవకు అదే మందు.

పొగతోట_ఫోటో
గడిలో రాయడమైనా చీర మారినప్పుడల్లా చేయవలసిందే కదా? టైపు చేసే చోటు మారింది గానీ పని తగ్గలేదు.

కావలి_కేబుల్
ఒక్కో ఫోటోకు రాయనక్కర్లేదు. సీనియర్ గారు చెప్పినట్టు ట్యాగు ఫోటోతో మొదలుపెట్టి తీయండి. తర్వాత ఆ గుంపును ఎంచుకుని ఒకదానికి రాసి మిగిలిన వాటికి అంటించవచ్చు. ఆ సమయంలో చీర మడతలు సర్దే హడావిడి ఉండదు. అదే లైట్‌రూమ్‌లో కేబుల్‌తో తీసేవారికి షాట్ల వారీగా విడగొట్టే సదుపాయం ఉంది. కొత్త చీరకు కొత్త షాటు పేరు ఇస్తే దానికి వేరే ఫోల్డరు దానంతటదే తయారవుతుంది.

చీమకుర్తి_గెలాక్సీ
సాయంత్రం కూర్చుని చేసే పని ఎప్పుడూ మర్నాటికి వాయిదా పడుతుంది. స్కానర్ మీద నా అభిప్రాయం మారలేదు. అదే స్కానర్‌తో ఆ గడిని నింపుకోవచ్చు కూడా.

స్టోన్‌హౌస్‌పేట_సీనియర్
స్కానర్ వాడుకోండి, ట్యాగు ఫోటో కూడా తీసుకోండి. సాక్ష్యం ఒకటి ఉంటే నష్టం లేదు.

పొగతోట_ఫోటో
మరి రెండో కెమెరా? అందులోని దగ్గరి ఫోటోలకు ట్యాగు ఫోటో ఉండదు, మా కుర్రాడు మధ్యమధ్యలో తీసుకుంటూ పోతాడు.

అద్దంకి_లైనక్స్
సమయంతో కలపండి. పని మొదలుపెట్టే ముందు రెండు కెమెరాల గడియారాలనూ సెకన్లతో సహా ఒకటి చేయండి. అలా చేశామన్న నమ్మకం లేకపోతే, సెకన్లు కనిపించే ఫోను గడియారాన్ని రెండు కెమెరాలతోనూ ఒక్కో ఫోటో తీసి ఉంచండి; తేడా ఎంతో తర్వాత చూసి, ఒక కెమెరా ఫోటోలన్నిటి సమయాన్నీ ఒకేసారి జరపవచ్చు. లైట్‌రూమ్‌లో ఆ సదుపాయం ఉంది, ఉచితంగా దొరికే ఎక్సిఫ్‌టూల్‌తోనూ చేయవచ్చు. తీసిన సమయం ప్రకారం పేరిస్తే రెండు కెమెరాల ఫోటోలూ చీరల వారీగా పక్కపక్కన చేరతాయి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కెమెరా ఫోటో లోపల రాసే ఎక్సిఫ్ వివరాల్లో తీసిన సమయం సెకను వరకే ఉంటుంది, సెకనులోని భాగాలు వేరే గడిలో ఉంటాయి. గబగబా వరుసగా తీసిన ఫోటోలకు ఒకే సమయం పడుతుంది కాబట్టి, వట్టి సమయాన్నే పేరుగా పెడితే ఢీకొంటాయి. వెనక కెమెరా గుర్తు, వరుస సంఖ్య ఉండి తీరాలి.

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని వారు విండోస్‌లో డిజిక్యామ్‌కంట్రోల్, లైనక్స్‌లో ఎంటాంగిల్ లేదా డార్క్‌టేబుల్ వాడి చూడవచ్చు. కేబుల్‌తో తీయడం వాటిలోనూ ఉంది.

కందుకూరు_కలం
పేర్లు తెలుగులోనే పెడితే ఏమవుతుంది? మా నాటక సమాజం ఫోటోలన్నీ నేను తెలుగు పేర్లతోనే దాచుకుంటున్నాను, ఇంతవరకూ బాగానే తెరుచుకుంటున్నాయి.

అద్దంకి_లైనక్స్
మీ కంప్యూటర్‌లో ఉన్నంతవరకు బాగానే ఉంటాయి. చిక్కంతా ప్రయాణంలో వస్తుంది. కొన్ని పాత జిప్ సాఫ్ట్‌వేర్లు తెలుగు పేర్లను పిచ్చి గుర్తులుగా మారుస్తాయి. ఇంకా విచిత్రం ఐత్వంతో ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. ఇప్పుడున్న ఏపీఎఫ్‌ఎస్ రాకముందు మ్యాక్‌లో ఉండిన ఫైలు వ్యవస్థ దాన్ని ఎప్పుడూ రెండు ముక్కలుగా విడగొట్టి దాచేది. చెన్నై అనే పేరు అక్కడి నుంచి వస్తే కంటికి మన చెన్నైలాగే కనిపిస్తుంది, కానీ జాబితాతో పోల్చే ప్రోగ్రాముకు రెండూ వేరు వేరు పేర్లు. శీర్షిక, వివరణ గడుల్లో తెలుగు నిక్షేపంగా రాసుకోండి. పేరులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత, అండర్‌స్కోర్ దాటి వెళ్లకండి.

కందుకూరు_కలం
అయితే నెల్లూరు భద్రం, చెన్నై ప్రమాదం అన్నమాట. మా వాళ్లకు చెబుతాను.

పొగతోట_ఫోటో
అందరి మాటలూ కలిపి ఇలా చేయబోతున్నాను. రా ఫైలు పేరు సంవత్సరం, నెల, రోజు, కెమెరా గుర్తు, ఒకటికి తిప్పని ఐదంకెల కౌంటరు. ఇది తీసేటప్పుడే పడుతుంది, తర్వాత మారదు. రెండో కెమెరా ఫోటోలు కార్డు నుంచి దించుకునేటప్పుడే అదే పద్ధతిలో పేరు పొందుతాయి. స్టాకు నంబరు ఐపీటీసీ గడిలోకి స్కానర్‌తో వెళుతుంది, ట్యాగు ఫోటో ఎలాగూ ఉంటుంది. దుకాణం గుమాస్తాకు ఆ రోజు తీసినవి ఆ రోజే చూపించడం ఆపేసి, స్టాకు నంబరుతో ఎగుమతి చేసిన చిన్న జేపెగ్‌లు మాత్రమే మర్నాడు పంపుతాను.

చీమకుర్తి_గెలాక్సీ
ఎగుమతి పేరులో ఆ కౌంటరును కూడా ఉంచండి. వీజీ-24-117 తర్వాత వట్టి 1, 2, 3 అని పెడితే, ఫలానా కొంగు రంగు తేడాగా ఉందని దుకాణం వారు ఫోను చేసినప్పుడు అసలు ఫైలు దొరకదు.

దర్శి_డిజైనర్
వట్టి 1, 2, 3 పెట్టినా ముందు సున్నా పెట్టండి. విండోస్ ఎక్స్‌ప్లోరర్ తెలివిగా 2 తర్వాతే 10 చూపిస్తుంది గానీ, వెబ్‌సైటులోకి ఎక్కించే ప్రోగ్రాముల్లో చాలావాటికి 1 తర్వాత వచ్చేది 10. కొనేవారికి పూర్తి చీర తర్వాత కొంగు కనిపించవలసిన చోట ఇంకేదో కనిపిస్తుంది.

కావలి_కేబుల్
వెబ్‌సైటు మాట వచ్చింది కాబట్టి, బయటికి వెళ్లే పేరులో మాటల మధ్య అండర్‌స్కోర్ బదులు అడ్డగీత వాడండి. లింకుల్లో అడ్డగీతనే వాడమని గూగుల్ తన మార్గదర్శకాల్లో చెబుతోంది. లోపలి రా ఫైలుకు ఏది పెట్టుకున్నా ఫరవాలేదు.

స్టోన్‌హౌస్‌పేట_సీనియర్
ఒక సందేహం మిగిలింది. అమ్ముడుపోని చీరకు దుకాణం వారు ధర తగ్గించి కొత్త ట్యాగు వేస్తారు, అప్పుడు స్టాకు నంబరు మారుతుంది. ఆ చీరను మళ్లీ తీయమంటారా?

పొగతోట_ఫోటో
ఆడి తగ్గింపు అమ్మకాలకు ముందు అదే జరుగుతుంది. రా ఫైలు పేరులో స్టాకు నంబరు లేదు కాబట్టి గడిలో కొత్త నంబరు రాసి మళ్లీ ఎగుమతి చేస్తే సరిపోతుంది. పాత నంబరును కీవర్డుల్లో ఉంచుతాను, ఎందుకంటే గుమాస్తా గారు పాత నంబరుతోనే అడుగుతారు.